వాతావరణ శాఖకు ప్రత్యేక వెర్షన్

హియోదొరి అనే బ్రౌజర్‌ను వాడేవాళ్లు దేశం మొత్తం మీద ఒక చిన్న ఊరి జనాభాకు మించరు. అది వాళ్లకు చిన్నతనం కాదు, గర్వం. లోకమంతా వాడే బ్రౌజర్‌ను వాళ్లు ‘అందరిది’ అంటారు. దానికి పేరంటూ ఒకటి ఇవ్వడం కూడా వాళ్లకు ఇష్టం లేదు. కంప్యూటర్ పత్రికలతో పాటు సీడీలు ఇచ్చిన రోజుల్లో ఇలాంటి బ్రౌజర్లు ఇంటికొకటన్నట్టు ఉండేవి. ఎవరో ఒక ఉద్యోగి సెలవుపూట తన చేతికి అనువుగా ఒకటి కట్టుకుని, ఊరివాళ్లకు ఊరికే పంచేవాడు. తరవాత అవి ఒక్కొక్కటిగా రాలిపోయాయి. హియోదొరి మాత్రం మిగిలింది. కట్టిన పెద్దాయన ఓపిక లేక వదిలేశాక, ఒక గుంపు దాన్ని భుజాన వేసుకుని మోస్తోంది.

దాని ప్రాణం గీతల్లో ఉంది. మౌస్ కుడిమీట నొక్కిపట్టి ఎడమకు చిన్న గీత గీస్తే వెనకటి పేజీ వస్తుంది. కిందికి గీసి కుడికి తిప్పితే ఉన్న పేజీ మూసుకుంటుంది. తెర అంచుల్లో బొమ్మల కోసం వెతుక్కునే పని లేదు. ఆ గీతలను గుర్తుపట్టే భాగం కుసకాబె తొమోనోరిది. కవాసాకిలో ఏదో కంపెనీలో ఉద్యోగం, ఒంటరి బతుకు, నలభైకి ఇంకా చేరని వయసు. చెయ్యి ఏం చెయ్యబోతోందో చెయ్యి ముగించకముందే గ్రహించడం తన పని అని అతను అనుకునేవాడు. ఎదుటివాణ్ణి అంత శ్రద్ధగా గమనించడమే ఒక విధమైన దయ కదా అని కూడా అనుకునేవాడు. గమనించడం వేరు, దయ వేరు అని తెలియడానికి అతనికి ఇంకా కొంతకాలం ఉంది.

ఆ వసంతంలో ఒక శనివారం సాయంత్రం, నెలవారీ పని ముగించుకుని గుంపులో ముగ్గురు కాండా వంతెన పక్క తాగుడు దుకాణంలో కూర్చున్నారు. వాడుకరుల ఉత్తరాలు చూసే హొరికోషి చినాత్సు ఫోను తీసి గొంతు సవరించుకుంది.

“వినండి, వినండి. వాతావరణ శాఖ ప్రకటన వెలువడింది.”

“అప్పుడే ఇంకోటా?” అన్నాడు గుంపు పెద్ద ఇగరాషి. అతనికి నవ్వించడం వచ్చు. ఎవరినో ఒకరిని పణంగా పెట్టకుండా నవ్వించడం మాత్రం రాదు.

“‘చెర్రీ పూలు రాలి లేతాకు కనిపించే వేళ అయింది. మీరంతా కుశలమని తలుస్తాను.’ ఇది ప్రార్థన. ఇప్పుడు అసలు సంగతి. ‘కొత్త వెర్షన్‌లో నా ఎడమ గీత అప్పుడప్పుడు గుర్తింపునకు రావడం లేదు. ఏ పేజీ మీద, ఎంత మెల్లగా గీసినప్పుడు ఇలా అయిందో కింద వివరించాను.’”

“వివరించాడా?”

“ఇందాకటి నుంచి కిందికి జరుపుతూనే ఉన్నా. అయిపోతేగా.”

వాతావరణ శాఖ అని వాళ్లు పేరు పెట్టినవాడు వాడుకరుల చర్చావేదికలో కినుగావా అనే పేరుతో రాసేవాడు. అసలు పేరు ఎవరికీ తెలియదు, తెలుసుకోవడం వాళ్లలో మర్యాద కాదు. ముందస్తు వెర్షన్లు పరీక్షిస్తానని స్వయంగా ముందుకు వచ్చినవాడు. ప్రతి ఉత్తరమూ వానతోనో ఎండతోనో మొదలుపెట్టి, లోపం దగ్గరికి వచ్చి, క్షమాపణతో ముగించేవాడు. వారానికి కనీసం రెండు ఉత్తరాలు వచ్చేవి.

“పోయిన సెలవంతా ఆయన గీతకే ధారపోశాను,” అన్నాడు కుసకాబె. “ఎన్ని రకాలుగా గీసినా పని చేస్తోంది. బగ్ లేదు. లేదని రాస్తే, ‘మీ శ్రమకు కృతజ్ఞుణ్ణి, అయినా మరొక్కసారి చూడగలరా’ అంటాడు.”

“ఆ మర్యాదే చంపుతుంది. తిట్టాడనుకో, గెంటేసి చేతులు కడుక్కుందుం,” అన్నాడు ఇగరాషి. “ఇంట్లో పెళ్లాం మాట్లాడదు, కుక్క దగ్గరికి రాదు. మిగిలింది మనమే. అయినా పాపం, లేని బగ్‌ను పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతాడు? ఉన్నది ఒకటి ఇద్దాం. చూద్దాం, కనిపెడతాడో లేదో.”

“ఆయన ఒక్కడికేనా?” అంది హొరికోషి, నవ్వుతూ.

“ప్రభుత్వ శాఖ కదమ్మా. ప్రత్యేక వెర్షన్ ఉండొద్దూ?”

ముగ్గురూ నవ్వారు. ఏప్రిల్ మొదటి తారీఖున తలకిందుల వెర్షన్ వదలడం, కోడ్‌లో ఎవరికీ తెలియని చమత్కారాలు దాచడం వాళ్ల లోకంలో పాత ఆచారం. ఆ ఆచారంలో దెబ్బ తిన్నవాడు కూడా చివరికి నవ్వుతాడు, నవ్వాలి కూడా. శరదృతువులో జరిగే వాడుకరుల సమావేశంలో ఈ వేళాకోళాన్ని బయటపెట్టి, కినుగావా పేరు మీద ఒక గ్లాసు ఎత్తాలని అక్కడే నిర్ణయించుకున్నారు.

పరీక్షకులలో ఎవరికి ఏ వెర్షన్ వెళ్లాలో నిర్ణయించే అధికారం కుసకాబె చేతిలో ఉంది. మరునాడు కూర్చుని కోడ్ రాశాడు. గీసిన గీతల్లో అక్కడొకటి ఇక్కడొకటి చూసీ చూడనట్టు వదిలెయ్యాలి. ఇగరాషి అడిగింది అంతవరకే. అది రోజూ ఒకే తీరుగా ఉంటే తేలిగ్గా పట్టుబడుతుంది కదా అని కుసకాబెకు తోచింది. వదిలేసే గీతలు రోజురోజుకూ కనపడనంత కొద్దిగా పెరిగేట్టు, ఉదయం తక్కువగానూ పొద్దువాలేకొద్దీ ఎక్కువగానూ ఉండేట్టు మలిచాడు. అలసిన చేతిలా ఉండాలి అనుకున్నాడు. ఆ పోలిక అతనికి నచ్చింది. ఎవరూ అడగకుండా అతను చేర్చింది అదొక్కటే. తరవాతి రోజుల్లో నేరం ఎవరిదని తనను తాను అడిగినప్పుడల్లా అతను ఇగరాషి మాట దగ్గర ఆగాలని చూసేవాడు, కాని ఆ పోలిక దగ్గరికే వచ్చి ఆగేవాడు.

ఉత్తరాలు మొదట్లో పదునుగా వచ్చాయి. వానలు మొదలయ్యేసరికి వాటి నడక మారింది. ‘హైడ్రాంజియాలు రంగు తిరిగాయి. నిన్నటి లోపం బహుశా నా పొరపాటే కావచ్చు.’ ఆపైన, ‘సాయంత్రం వేళ ఎక్కువగా జరుగుతున్నది, మీ బ్రౌజర్‌కు సాయంత్రమని తెలిసే అవకాశం లేదు గనుక, కారణం నా వైపే వెతకడం న్యాయం అనిపిస్తున్నది.’ గుంపు తమ ఆన్‌లైన్ ముచ్చట్ల గదిలో ఆ వాక్యాన్ని పైన మేకు కొట్టి పెట్టింది. తర్కం బ్రహ్మాండం అని ఇగరాషి రాశాడు. కీచురాళ్లు అరిచే రోజుల్లో చివరి ఉత్తరం వచ్చింది. ‘ఇంతకాలం లేని లోపాన్ని మీ మీద మోపాను. లోపం మీ బ్రౌజర్‌లో లేదు. శరత్కాల సమావేశానికి వచ్చి స్వయంగా క్షమాపణ చెప్పుకుంటాను.’

“లొంగిపోయాడు!” అంది హొరికోషి.

“తనలోనే బగ్ కనిపెట్టిన మొదటి పరీక్షకుడు,” అన్నాడు ఇగరాషి. “కుసకాబే, ఉపన్యాసం నీదే. తెర మీద వేసే బొమ్మలు తయారు చెయ్.”

సమావేశం కాండాలోనే, ఒక ముద్రణాలయం పై అంతస్తులో అద్దెకు తీసుకున్న గదిలో. వాళ్ల పద్ధతి ప్రకారం ఉపన్యాసాలు చిన్నవి. సమయం మించితే పక్కన నిలబడినవాడు కంచు పళ్లెం మోగిస్తాడు, వాక్యం మధ్యలో ఉన్నా దిగిపోవాలి. గుమ్మం దగ్గర పంచిన కార్యక్రమ పత్రంలో కుసకాబె పేరు పక్కన ‘వాతావరణ శాఖ: ఒక పరిశోధన’ అని అచ్చయి ఉంది.

మొదటి ఉపన్యాసం నడుస్తుండగా లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఒక స్త్రీ చక్రాల కుర్చీని తోసుకుంటూ వచ్చింది. కుర్చీలో ఉన్నాయనకు అరవై దాటి ఉంటాయి. తల ఒక దిండుకు ఆనించి ఉంది. చేతులు రెండూ తువ్వాలు మీద పరిచిపెట్టినట్టు ఉన్నాయి. గదిలో మాటలు ఒక్కసారిగా ఆగలేదు, అంచులనుంచి లోపలికి ఆరిపోయాయి.

“వేదికలో కినుగావా అని రాసేది ఈయనేనండి,” అంది ఆమె, వంగి. “ఇంటిపేరు మినాగావా. ఉత్సునోమియా నుంచి వచ్చాం. నేను భార్యని, సెత్సుకో. రైలు దిగాక ఆలస్యమైంది, మన్నించాలి.”

మినాగావా పెదవులు కదిలాయి. మాట వచ్చేది గాని అది తడిసిన కాగితంలా చిరిగి వచ్చేది. ఆమె ముక్కలు కలిపి మళ్లీ చెప్పేది.

“ఏమంటున్నారంటే, చాలాకాలం మిమ్మల్ని అనవసరంగా కష్టపెట్టాను, తల వంచాలని వచ్చాను గాని అది ఇప్పుడు వంగదు, వంగినట్టే అనుకోండి అంటున్నారు.” ఆమె కొంచెం నవ్వింది. “ఈ జోకు రైల్లోనే తయారు చేసుకున్నారు లెండి.”

ఎవరూ నవ్వలేదు. ఆమె నిక్కో నుంచి తెచ్చిన యోకాన్ మిఠాయి పెట్టె హొరికోషి చేతికిచ్చింది. హొరికోషి దాన్ని రెండు చేతులతో అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే నిలబడింది.

కుసకాబె నడవాలోకి వెళ్లాడు. శీతల పానీయాల యంత్రం ముందు నిలబడి ఉండగా సెత్సుకో వచ్చి, భర్తకు గోరువెచ్చని టీ కోసం నాణేలు వేసింది.

“కుసకాబె గారంటే మీరేనా? మీ పేరు మా ఇంట్లో రోజూ వినబడేది. గీతలు కట్టింది ఆయనే అని.”

“చెయ్యి...” అన్నాడు అతను.

“కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బండి. కాళ్లు ముందు పోయాయి. కుడిచెయ్యి మాత్రం మెల్లగా పోతుంది, ఇంకో రెండేళ్లు నిలుస్తుంది అని వసంతంలో డాక్టరు అన్నారు. ‘అందరిది’ అంటారే, అది ఆయనకు పనికిరాదు. మౌస్‌ను తెరంతా తిప్పాలి కదా. మీదైతే ఇంత జాగా చాలు.” ఆమె టీ డబ్బా మూతను వేలితో చూపించింది. “నేను లాండ్రీ దుకాణంలో పనికి పోయొచ్చేదాకా ఒక్కరే ఉంటారు. బేస్‌బాల్ చూసుకునేవారు. కినుగావా నది మీద కెమెరా ఉంది చూడండి, అది పెట్టుకుని నీళ్లు చూసేవారు. మీకు ఉత్తరాలు రాసేవారు.”

“ఇప్పుడు?”

“వేసవిలో చెయ్యి గభాల్న పడిపోయింది. నేను నమ్మలేదు, స్పూను పట్టుకుంటున్నారు కదా అన్నాను. ‘కుసకాబె గారు పదేపదే చూసి లోపం లేదన్నారు, ఆయన శ్రద్ధగల మనిషి, అంటే పోయింది చెయ్యే’ అన్నారు. మౌస్ తీసి సొరుగులో పెట్టమన్నారు. చెయ్యి లేకుండా పగలంతా ఇంటికప్పు చూస్తూ ఉండటం ఎందుకు, నిన్ను నలిపెయ్యడం ఎందుకు అని, రోగులను చూసుకునే ఆశ్రమంలో మంచం కోసం ఆయనే రాయించుకున్నారు. వచ్చే నెల వెళ్తున్నారు. అక్కడ మంచం దొరకడమే అదృష్టమండి.”

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఇగరాషి ఆమె కోసం తలుపు పట్టుకుని, తరవాత బయటికి వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి ఆమె మాటలన్నీ విన్నాడు.

“చెప్పేస్తాను,” అన్నాడు కుసకాబె.

“చెప్పు. చెప్పాక ఏమవుతుంది? నీకు నిద్ర పడుతుంది, ఆయనకు పోతుంది. నీ బరువు దించుకోవడానికి ఆయన ఒళ్లే దొరికిందా?”

“మంచం రాయించుకున్నాడండీ ఆయన. ఇల్లు వదిలిపోతున్నాడు.”

“కాబట్టి చెయ్యి తిరిగి ఇచ్చెయ్. ఇవాళే ఆ కోడ్ తీసెయ్. దిద్దిన వెర్షన్ దానంతటదే ఆయన మిషన్‌లోకి పోతుంది. చెయ్యి ఇస్తే చాలు, దాని కథ కూడా ఇవ్వాలా? తనను చూసి గుంపంతా నవ్వుకుందని తెలియడం అవసరమా, ఆయనకు?”

ఆ మాటల్లో తప్పు వెతికితే దొరికేది కాదు. మనిషికి తనకు అనుకూలమైన తర్కం ఎప్పుడూ లోతుగానే కనిపిస్తుంది. కుసకాబె అందులో మునిగాడు, కాలికి అడుగు తగలకపోయినా.

లోపల అతని పేరు పిలిచారు. బొమ్మలున్న కంప్యూటర్ సంచిలోంచి తియ్యకుండానే వెళ్లి నిలబడ్డాడు. మొదటి వరసలో, కార్యక్రమ పత్రం భర్త కళ్ల ముందు పట్టుకుని సెత్సుకో కూర్చుంది.

“వాతావరణం గురించటండి,” అంది. “మీకు ఇష్టమైనదే.”

వాతావరణ సమాచారం ఇచ్చే పేజీలు ఎందుకు నిదానంగా తెరుచుకుంటాయో, మేఘాల బొమ్మలు ఎంత బరువో, ఏదో చెప్పాడు. వెనక వరసలో ఎవరికో విషయం తెలుసు, అతను తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. మినాగావా ఒక్కడే ప్రతి మాటా విన్నాడు. కంచు పళ్లెం మోగినప్పుడు ఆయన చూపుడు వేలు తువ్వాలు మీద కొద్దిగా లేచి పడింది. చప్పట్లకు బదులు.

ఆ సాయంత్రమే కుసకాబె ఆ కోడ్ తీసేశాడు. తరవాత, వేదికలో ఒక మామూలు ప్రకటన పెట్టాడు. ‘కొత్త వెర్షన్‌ను పాత పరీక్షకులు అందరూ ఒక్కసారి తెరిచి చూడగలరు.’ ఆ ‘అందరూ’ అన్న మాట ఒక్కరి కోసం రాసింది.

మాపుల్ ఆకుల మాటతో మొదలైన ఉత్తరం వారం తిరక్కుండా వచ్చింది. ‘వెళ్లేముందు మీ మాట మన్నించి మౌస్ మరొక్కసారి పట్టుకున్నాను. గీతలన్నీ వచ్చాయి. మీ బ్రౌజర్‌లో ఎన్నడూ లోపం లేదు గనుక, తిరిగి వచ్చినది నా చెయ్యి. డాక్టరు గారు ఇటువంటిది వినలేదంటున్నారు. సెత్సుకో ఏడ్చింది. ఆశ్రమంలో మంచం, కాచుకుని ఉన్న మరొకరికి ఇచ్చివేశాము.’

ఇగరాషి ముచ్చట్ల గదిలో ఒక్కమాట రాశాడు. ‘సుఖాంతం.’ ఆ నెలలోనే హొరికోషి గుంపు వదిలిపోయింది, పని ఎక్కువైందని చెప్పి.

కుసకాబె ఆ ఉత్తరాన్ని చాలాసార్లు చదివాడు. తాను తీసుకున్నది తిరిగి ఇచ్చాననుకున్నాడు గాని, ఇచ్చింది వేరే వస్తువని అతనికి తెలుస్తూనే ఉంది. తీసుకున్నది నెమ్మదిగా పోతున్న చెయ్యి. ఇచ్చింది కోలుకుంటున్న చెయ్యి. అది ఈ లోకంలో ఎక్కడా లేదు. దిద్దవచ్చు, ఇంకా దిద్దవచ్చు అనుకుంటూనే ఆ శరత్తు గడిపేశాడు.

చలికాలం వచ్చింది. ఉత్తరాలు మళ్లీ మొదలయ్యాయి. ‘నిక్కో కొండలనుంచి గాలి కోసేస్తున్నట్టు వీస్తున్నది. చెప్పడానికి సంకోచంగా ఉన్నది గాని, ఈసారి లోపం నిజంగా బ్రౌజర్‌లో ఉన్నదేమో. ఎందుకంటే చెయ్యి కోలుకున్నది.’

పరీక్షకుల గీతలన్నీ, గుర్తింపునకు వచ్చినవీ రానివీ, నమూనాలుగా కుసకాబెకు చేరేవి. మినాగావా గీతలు తెరిచి చూశాడు. పొట్టివయ్యాయి. మధ్యలో వణికి, తెగి, వచ్చిన దారినే కొంత వెనక్కి పోయి ఆగిపోతున్నాయి. ఏ ప్రోగ్రామూ వాటిని అలా చెయ్యలేదు. లోపం లేదు అని రాయబోయాడు. ఆ మాటను ఇదివరకే ఒకసారి వాడుకున్నాడు.

రాయలేక, గుర్తింపు పట్టు కొంచెం సడలించాడు. పొట్టి గీతను కూడా గీతగా ఒప్పుకునేట్టు చేశాడు. కృతజ్ఞతలు వచ్చాయి. కొద్దిరోజులకు మళ్లీ లోపం వచ్చింది. మళ్లీ సడలించాడు. చెయ్యి దిగజారే కొద్దీ బ్రౌజర్‌ను దాని కిందికి వంచుతూ పోయాడు. చివరికి వణుకంతా గీతే అయింది. అప్పుడు సెత్సుకో ఫోను చేసింది.

“మిమ్మల్ని అడగకూడదు గాని, ఒకసారి వచ్చి చూస్తారా? ఈయన నా మాట వినడం లేదు. మిషన్‌దే తప్పు, కుసకాబె గారు చూస్తే చాలు అంటారు. వ్యాయామం చేస్తే ఇంకా కోలుకుంటుందని రోజంతా ఆ చేతిని శ్రమ పెడుతున్నారు. డాక్టరు వద్దంటున్నారు. ఆశ్రమంలో మళ్లీ అడిగితే వరస చివరికి వెళ్లమన్నారు.” ఆమె గొంతు తేలిక చేసుకుంది. “దుకాణం మానేశాన్లెండి. ఇప్పుడు ఇద్దరం కలిసి నది చూస్తున్నాం.”

ఆదివారం ఉదయం కుసకాబె ఉత్సునోమియా వెళ్లాడు. పొయ్యి వేడి నిండిన చిన్న గదిలో మంచం తలవైపు ఎత్తి ఉంది. మినాగావా చెయ్యి ఒక దిండు మీద, మౌస్‌కు పట్టీతో కట్టి ఉంది. తెర మీద నది. బూడిద రంగు నీళ్లు, ఒడ్డున మంచు. చూస్తుండగానే చెయ్యి వణికింది, నది మూసుకుపోయింది. సెత్సుకో వంగి మళ్లీ తెరిచింది. మరికాసేపటికి మళ్లీ మూసుకుపోయింది.

“ఇదివరకు గీత పిలిచినా వచ్చేది కాదు,” అన్నాడు మినాగావా. ఇప్పుడు మాటలు ఇంకా విడివిడిగా వస్తున్నాయి, కాని చెవి దగ్గర పెడితే తెలుస్తున్నాయి. “ఇప్పుడు పిలవకముందే వస్తోంది.”

“టీ పెట్టుకొస్తాను. మీరు చూడండి ఈలోగా,” అని సెత్సుకో వంటింట్లోకి వెళ్లింది.

కుసకాబెకు చూడటానికేమీ లేదు. అయినా కొంతసేపు తెర ముందు కూర్చున్నాడు.

“కుసకాబె గారూ. మీరు చెబితే నమ్ముతాను. నా చెయ్యా, బ్రౌజరా?”

“మీ చెయ్యే.”

మినాగావా కళ్లలో అంగీకారం రాలేదు. తప్పు లెక్క చెప్పిన మంచి విద్యార్థిని చూసినట్టు చూశాడు.

“వేసవిలోనూ అలాగే అనుకున్నాం కదండీ. మీరూ నేనూ. పోయిందనుకున్నది తిరిగి వచ్చింది. అప్పుడు వచ్చిన చెయ్యి ఇప్పుడూ వస్తుంది. మీరు అలా దిగులు పడకండి.”

నిజం చెప్పాననుకున్నాడు కుసకాబె. ఆ నిజానికి నిలబడే చోటు లేదు. కింది రాయిని తానే ఎప్పుడో లాగేశాడు. ఇవాళ్టిది నమ్మాలంటే వేసవిలోది చెప్పాలి. వేసవిలోది చెప్పకపోతే, ఈ మనిషి తన చేతిని చచ్చేదాకా శ్రమ పెడుతూ, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, రాని దాని కోసం కాచుకుంటాడు.

“వేసవిలో మీ చెయ్యి పోలేదు,” అన్నాడు. “బ్రౌజర్‌ను పాడు చేశాం. మీ ఒక్కరికి పంపినదాన్ని మాత్రమే. గీతలు కావాలని వదిలేసేట్టు నేను రాశాను. మీ ఉత్తరాలు మాకు నవ్వులాటగా ఉండేవి. సమావేశం రోజున తీసేశాను, మీకు చెప్పలేదు. చెయ్యి తిరిగి రాలేదు మినాగావా గారూ. పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. ఇప్పుడు పోతోంది.”

వంటింట్లో కెటిల్ మరుగుతోంది. మినాగావా చాలాసేపు నది ఉండవలసిన చోటు చూశాడు.

“వాతావరణం అని మాట్లాడారు,” అన్నాడు చివరికి. “అది నేనేనా?”

“మీరే.”

“ఊఁ.” ఆయన కళ్లు చేతి మీదికి దిగాయి. “అయితే వేసవిలో నా చెయ్యి బాగుందన్నమాట.”

“బాగుంది.”

“ఎంత బాగా?”

వదిలేసిన గీతలు కూడా అతని దగ్గర ఉన్నాయి. అబద్ధం చెప్పడానికి వీల్లేనంత స్పష్టంగా గుర్తున్నాయి. “తిన్నగా ఉండేవి. వసంతంలో ఎలా ఉన్నాయో అలాగే. నేను చూసిన చేతుల్లో అంత శుభ్రంగా గీసేవాళ్లు తక్కువ.”

“నేను దాన్ని తువ్వాలు కింద పెట్టేశాను,” అన్నాడు మినాగావా. “కీచురాళ్లు అరిచినన్నాళ్లూ.”

కోపం కోసం కుసకాబె ఎదురుచూశాడు. కోపం వస్తే తల వంచవచ్చు, తలుపు చూపిస్తే వెళ్లిపోవచ్చు. రాలేదు. మినాగావా ముఖంలో కండరాలు కోపానికి చాలవో, కోపమే ఆయనకు చాలలేదో, తెలుసుకునే మార్గం లేదు. వంటింట్లో కప్పులు పళ్లెంలో సర్దుతున్న చప్పుడు అయింది.

“సెత్సుకోకు మీరే చెప్పండి,” అన్నాడు ఆయన. “అంతసేపు మాట్లాడటం నాకు కష్టం.”

“మినాగావా గారూ...”

“మొదటినుంచి. ఏదీ వదలకుండా.”

సెత్సుకో మోకాలితో తలుపు జరుపుకుని వచ్చింది. టీ కప్పు అతని ముందు పెట్టి, భర్త మెడ కింద దిండు సరిచేసి, తాను ఆసనం దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“ఏమిటండీ, ఇద్దరూ అలా అయిపోయారు? అంత పెద్ద బగ్గా?” అంది నవ్వుతూ. “పరవాలేదు, చెప్పండి. నాకు కంప్యూటర్ భాష రాదు, మామూలు మాటల్లో చెప్పండి.”

మినాగావా చూపు అతని మీద నుంచి కదలలేదు. కుసకాబె మొదలుపెట్టాడు. మొదటి వాక్యం ముగిసేదాకా ఆమె, మంచి కబురు వినబోయే మనిషిలా, తల ఊపుతూనే ఉంది.